వెచ్చగా మూసుకున్న సొరుగు

పొద్దున తొమ్మిదింటికి సొరుగులమ్మ తాళం తీసేసరికి గోడ ఇంకా నిద్రలోనే ఉండేది. ముందు కిటికీలు తెరిచేది. చెప్పులు గుమ్మం పక్కన విడిచేది. తరవాత మైనం డబ్బా, పాత మెత్తటి గుడ్డ తీసుకుని, నిచ్చెన జరుపుకుని, నిన్న ఆపిన వరస దగ్గర మొదలుపెట్టేది. మొత్తం డెబ్బై అయిదు వరసలు, వరసకి ఎనభై సొరుగులు. రోజుకి మూడు వరసలు తుడిస్తే నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికి. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, ఎవరికైనా కావాలంటే అక్కడ చూసుకోవాలి.

ఇంతకీ ఆ సొరుగులేమిటంటారా? చెప్తాను, తొందరపడకండి.

అది నగర కార్యాలయం. ఒకప్పుడు కింద కౌంటర్లు ఉండేవి, జనం బారులు తీరి నిలబడేవాళ్ళు. ఇప్పుడు కౌంటర్లు మూసేశారు, అంతా వెబ్‌సైటే. పుట్టిన కాగితం, పోయిన కాగితం, నీళ్ళ కనెక్షను, కుక్క లైసెన్సు, ఏది కావాలన్నా ఇంట్లో కూర్చుని పేజీలు నింపి పంపాలి. ఆ వెబ్‌సైటు నడిపే యంత్రం మేడ మీద చల్లటి గదిలో ఉంటుంది. దానికి వేగం ఎంతో మతిమరుపూ అంతే. మీరు ఒక పేజీ నింపి పంపితే మర్యాదగా పుచ్చుకుంటుంది. రెండో పేజీ పంపేసరికి "ఎవరండీ మీరు?" అంటుంది. పెళ్ళిచూపుల్లో అన్నీ అడిగి, పెళ్ళినాడు పేరడిగే రకం. దాన్ని తిట్టి లాభం లేదు, ఆ యంత్రాల జాతే అంత.

అందుకని గోడ. ఎవరైనా పేరూ రహస్యపదమూ కొట్టి లోపలికి రాగానే, ఆ గోడలో ఖాళీగా ఉన్న సొరుగొకటి తనంతట తాను జానెడు తెరుచుకుంటుంది. దాని ఇత్తడి రేకు మీద ఒక నంబరు తేలుతుంది. అదే నంబరు చీటీలా ఆ మనిషి కంప్యూటర్లో ఉండిపోతుంది. అప్పట్నుంచి ఆయన ఏ పేజీ పంపినా చీటీ కూడా వస్తుంది, యంత్రం ఆ సొరుగులో చూసుకుని "ఓహో, మీరా, ఆరో పేజీలో ఉన్నారు కదూ" అంటుంది. నింపిన పేజీలు మడతపెట్టి బోర్లా పడుకుని ఉంటాయి. ఆ మనిషి చుట్టుపక్కల ఉన్న చిన్నాచితకా కూడా ఒకటో రెండో సొరుగులోకి వచ్చేస్తాయి. తాపీమేస్త్రీ సొరుగులో ఇసక. బాలింత సొరుగులో పాలవాసన. పని ముగించి వెళ్ళిపోగానే సొరుగు చల్లబడి, మూసుకుని, శుభ్రంగా ఖాళీ అయిపోతుంది.

పాత దస్తావేజుల గోడకి ఈ విద్య ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. కౌంటర్లు మూసిన మర్నాడు పొద్దున మొదటి సొరుగు తెరుచుకుంది. గుమాస్తాలు చూశారు, తలూపారు, టీ తాగడానికి వెళ్ళిపోయారు. పని జరుగుతోంది కదా!

పదకొండింటికి మాత్రం చూడాలండీ. ఊరంతా ఒక్కసారి కంప్యూటర్ల ముందు కూర్చునే వేళ. నాలుగైదు వేల సొరుగులు తెరుచుకుంటూ, మూసుకుంటూ, గది గదంతా ఊపిరి తీస్తున్నట్టుండేది. ఇరవై ఏళ్ళు చూసినా సొరుగులమ్మకి ఆ వేళ చేతిలో గుడ్డ ఆగిపోయేది. ఇంతమంది మనుషులు, ఒక్కొక్కరూ ఏదో ఒకటి కావాలని అడుగుతూ, ఒక్క గోడలో! అలా నోరు తెరుచుకుని చూసి, తరవాత ఎవరైనా గమనించారేమోనని గబగబా తుడిచేది.

ఆవిడకి ఒకటే నియమం. సొరుగులో చెయ్యి పెట్టకూడదు. "ఒకరి సొరుగులో చెయ్యి పెట్టడమూ, ఒకరి నోట్లో చెయ్యి పెట్టడమూ ఒకటే," అనేది. రేకు మీద ఏ దరఖాస్తో, ఎన్నో పేజీయో రాసి ఉంటుంది, అంతవరకే చూసేది.

గోడ పక్కన ఒక కాగితం అంటించి ఉండేది. "ఇరవై నిమిషాలు కదలిక లేకపోతే మూసేయి." గోడ ఆ కాగితం మాట జవదాటదు. రాసింది ఆవిడ చెల్లెలి కొడుకు, అక్కడే ప్రోగ్రామరు. నాలుగో ఏట తల్లి పోతే ఈవిడే పెంచింది. ఇప్పుడు ఆఫీసులో అందరూ అతన్ని సారంటారు, ఈవిడ ఒరేయ్ అంటుంది. మంచివాడే కానీ తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ ఇరవై నిమిషాలకీ ఒక కారణం ఉందిలెండి. వెనక గంట గడువుండేది. ఒకాయన గ్రంథాలయంలో కంప్యూటరు అలాగే వదిలేసి లేచిపోయాడు. ఆ కుర్చీలో కూర్చున్న ఇంకో మహానుభావుడు ఆయన పేరు మీద కుక్కకి లైసెన్సు తీసేసుకున్నాడు. కుక్క ఎవరినో కరిచింది. నోటీసు మొదటాయనకి వచ్చింది. అప్పుడు గంటని కోసి ఇరవై చేశాడు అబ్బాయి.

ఆ యేడు వాన తగ్గాక, సొరుగులమ్మ ఒక సంగతి కనిపెట్టింది. కింది నుంచి నాలుగో వరసలో రోజూ మధ్యాహ్నం ఒక సొరుగు తెరుచుకునేది. ఒకే సొరుగు కాదు, ఒకే మనిషి. ఎలా తెలిసిందంటే, ప్రతిసారీ అందులో అవే మూడు వస్తువులు: నీలం సుద్దముక్క, దారప్పోగు, తెంపిన గుండీ ఒకటి. రేకు మీద "దత్తత, పన్నెండు పేజీలు." పదకొండు పేజీలు చకచకా వచ్చేవి. పన్నెండోది తెరుచుకునేది. అంతే, ఇంక చడీచప్పుడూ ఉండదు. ఇరవై నిమిషాలవగానే సొరుగు మూసుకునేది. మర్నాడు మళ్ళీ మొదటి పేజీ నుంచి.

అంతవరకు వింతేం లేదు, సగంలో లేచిపోయేవాళ్ళు కోకొల్లలు. కానీ లేచిపోయినవాళ్ళ సొరుగు ముందు చల్లబడుతుంది, తరవాత మూసుకుంటుంది. ఇది వెచ్చగా మూసుకుంటోంది. మూసుకున్నాక కూడా సొరుగులమ్మ వేళ్ళ కింద చెక్క కాసేపు వెచ్చగానే ఉండేది. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు. కూర్చునే ఉంది.

తొమ్మిదో రోజు ఉండబట్టలేక అబ్బాయి బల్ల దగ్గరికెళ్ళింది.

"ఒరేయ్, నాలుగో వరసలో ఒకావిడ ఉండగానే సొరుగు మూసుకుపోతోందిరా."

"ఉంటే ఏదో ఒకటి పంపాలి కదా పెద్దమ్మా. ఇరవై నిమిషాలు ఏమీ పంపలేదంటే లేచిపోయినట్టే."

"రాస్తోందేమో!"

"రాస్తున్నంతసేపు యంత్రానికేం తెలుస్తుంది? పంపితేనే తెలుస్తుంది."

"యంత్రానికి తెలీదు సరే. నీకు నేను చెప్తున్నాను కదా."

అబ్బాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ పేజీలో ఉన్నది ఒక్క ప్రశ్న పెద్దమ్మా. నూరు మాటలు రాస్తే చాలు. ఇరవై నిమిషాల్లో నూరు మాటలు రాయలేనివాళ్ళు రేపు పిల్లనేం పెంచుతారు?"

సొరుగులమ్మ గిరుక్కున తిరిగింది. వచ్చి తన గుడ్డ తను పట్టుకుంది. ఆ పూట ఆవిడ తుడిచిన సొరుగులు అద్దాల్లా మెరిశాయి, కోపం అంతా వాటి మీద చూపించింది మరి.

ఆవిడకి తెలియనిది మనం చూసొద్దాం రండి, నాలుగు వీధులవతలే. చిన్న కుట్టుకొట్టు. ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, బల్ల చివర పాత కంప్యూటరు. దర్జీ ఆవిడకి నలభై దాటాయి, ఒక్కతే. పని చేసేటప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకునే అలవాటు, పని లేని వేళ లేదు కాబట్టి ఎప్పుడూ నోట్లో గుండుసూదులే. అందుకే మాట తక్కువ. "ఊఁ" అంటే సరే, "ఊహూఁ" అంటే కాదు, భుజం ఎగరేస్తే శుక్రవారం వచ్చి తీసుకోండి అని. ఇరవై ఏళ్ళలో ఆ వీధి ఆ భాష నేర్చేసుకుంది.

ఎదురుగా పిల్లల ఆశ్రమం. వాళ్ళ చిరుగుల మూట ప్రతి బుధవారం కొట్టుకి వస్తుంది. మోసుకొచ్చే ఆయా వెంట ఆరేళ్ళ పిల్ల కూడా వస్తుంది. దాని నోరు ఒక్క క్షణం మూతపడదు. బల్ల కింద దూరి, గుండీల డబ్బా కిందికి వొంపుకుని, రంగులవారీగా పేరుస్తూ వాగుతూనే ఉంటుంది. ఆ పిల్ల గౌనుకి ప్రతి వారం ఒక గుండీ తెగేది. మూడో నెలకి గానీ దర్జీ ఆవిడకి వెలగలేదు. గుండీ ఊడటం లేదు, పిల్ల తెంపుకొస్తోంది! గుండీ తెగితేనే కదా కొట్టుకి పంపేది. ఆ సంగతి తెలిసిన పూట ఆవిడ సూదులన్నీ తీసి డబ్బాలో పెట్టి, చాలాసేపు ఖాళీ నోటితో కూర్చుంది. ఎంత సంతోషమో, అంత భయం.

ఏడేళ్ళు నిండేలోపు ఎవరూ అడగకపోతే పిల్లని దూరపు ఊళ్ళో పెద్దపిల్లల ఆశ్రమానికి పంపేస్తారు. అడగడానికి ఆఖరి గడువు ఈ బుధవారం సాయంత్రం అయిదు. ఈ మాట ఆయా చెప్పింది.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం దర్జీ ఆవిడ కూర్చుంటోంది. వయసు, ఆరోగ్యం, ఇంటి వివరాలు, పదకొండు పేజీలూ సూది దిగినట్టు దిగిపోయేవి. పన్నెండో పేజీలో ఒకటే అడిగేవాళ్ళు. "ఈ బిడ్డే మీకెందుకు కావాలి? నూరు మాటలకు తగ్గకుండా రాయండి." పేజీ మూల చిన్న అంకె. మిగిలిన సమయం: ఇరవై నిమిషాలు. పందొమ్మిది. పద్దెనిమిది.

కాగితం మీద ముందే రాసుకుని ఎక్కించొచ్చుగా అంటారు మీరు. రాసుకుంది. కాగితం మీద బాగానే ఉన్న మాటలు ఆ పేజీలో పడేసరికి అద్దెకి తెచ్చిన బట్టల్లా ఉండేవి. "నేను ఈ బిడ్డను ప్రేమగా చూసుకోగలనని..." కొట్టేసేది. "నాకు ఎవరూ లేరు కనుక..." అది ఇంకా నచ్చేది కాదు, తనకి ఎవరూ లేకపోవడం ఆ పిల్ల తప్పా? కొట్టేసేది. అంకె మూడుకొచ్చేది, రెండుకొచ్చేది. "మీ సమయం ముగిసింది. మళ్ళీ మొదలుపెట్టండి." తొమ్మిదోసారి ఆ మాట చూసినప్పుడు, అది గడియారం మాటలా అనిపించలేదు. ఎవరో పెద్దలు ఆలోచించి వద్దని చెప్తున్నట్టే అనిపించింది. కొట్టు తలుపులు మూసుకుని ఏడ్చింది పాపం.

బుధవారం వచ్చింది.

ఆఫీసులో బుధవారమంటే దులుపుడు. వారం వారం వెబ్‌సైటులో కొత్త మార్పులు ఎక్కిస్తారు, పాత లెక్కలో తెరిచిన సొరుగులు కొత్తదానికి పనికిరావు. అందుకని మధ్యాహ్నం మూడింటికి గోడ చివర ఉన్న ఇనప పిడి కిందికి లాగుతారు. సొరుగులన్నీ ఒక్కసారి మూసుకుని ఖాళీ అయిపోతాయి. సగంలో ఉన్నవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. ఈ సంగతి వెబ్‌సైటు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది, చదివినవాడు లేడు.

దర్జీ ఆవిడ సొరుగు ఒకటింబావుకి తెరుచుకుంది. సుద్ద, దారం, గుండీ. రెండయ్యేసరికి పన్నెండో పేజీ. సొరుగులమ్మ ముక్కాలిపీట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. రేకు మీద తేదీ కూడా తేలింది ఆ రోజు: "ఆఖరి గడువు నేడు, అయిదు గంటలు." మూడింటికి పిడి లాగితే, మళ్ళీ పదకొండు పేజీలు, మళ్ళీ ఇరవై నిమిషాలు, ఆ ఓపిక ఆ మనిషికి ఉంటుందా?

రెండూ పందొమ్మిదికి సొరుగు కదిలింది. లోపలికి జరగడం మొదలుపెట్టింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఇరవై ఏళ్ళ నియమం. సొరుగులమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఎవరి తల్లివో, క్షమించు," అని చెయ్యి లోపల పెట్టేసింది.

సొరుగు మణికట్టు మీద నొక్కింది. అబ్బ, ఏం బలం! ఎముక నొక్కుకుపోయింది. కానీ మూసుకోలేదు. లోపల ఆవిడ వేళ్ళు కాగితాలని తాకలేదు, పక్కనే ఉన్న గుండీని పట్టుకున్నాయి. ఆ గుండీ లోంచి మిషను పెడల్ తొక్కుతున్నట్టు దడదడ తెలిసింది. అది పెడల్ కాదు, ఎవరిదో గుండె.

కుట్టుకొట్లో, బల్ల కింద నుంచి పిల్ల తల బయటికి పెట్టింది. దానికి అంకెలొచ్చు. "ఆంటీ, ఇందాకటి నుంచి ఒకటే ఉంది. ఒకటి పోవట్లేదేంటి?"

దర్జీ ఆవిడ చూసింది. మిగిలిన సమయం: ఒక నిమిషం. ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుంది అనుకుంటూ ఊపిరి బిగబట్టింది. గోడ మీద గడియారం అయిదు నిమిషాలు నడిచింది, పది నడిచింది. ఆ ఒకటి అలాగే నిలబడి ఉంది. ఎవరో తన కోసం తలుపు పట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది ఆవిడకి. అయినా చెయ్యి రాలేదు. ఒక్క నిమిషంలో నూరు మాటలు ఎవరు రాయగలరు?

మూడింటికి రెండు నిమిషాలుండగా అబ్బాయి వచ్చాడు, వెనక మేనేజరు గడియారం గారు. మాటకి ముందోసారి వెనకోసారి చెయ్యి చూసుకుంటాడని ఆ పేరు.

"రెండూ యాభై ఎనిమిది. కానీండి," అన్నాడు గడియారం గారు.

అబ్బాయి పిడి మీద చెయ్యేసి అప్పుడు చూశాడు. పెద్దమ్మ పీట మీద చెమటలు కక్కుతూ కూర్చుంది, చెయ్యి మణికట్టు దాకా గోడలో ఉంది.

"పెద్దమ్మా! ఏంటిది? చెయ్యి తియ్యి!"

"తియ్యను."

"పిడి లాగితే చెయ్యి నలిగిపోతుంది!"

"లాగరా మరి. సారువి కదా, లాగు."

గడియారం గారు దగ్గాడు. "అమ్మా, రూలంటూ ఒకటి ఉంటుంది. రెండూ యాభై తొమ్మిది."

సొరుగులమ్మ ఆయన వైపు చూడనే లేదు. అబ్బాయి మొహంలోకే చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"మీ అమ్మ పోయాక నువ్వు మాట మానేశావు, తెలుసా? నీకు గుర్తుండదు. ఎనిమిది నెలలు. ఒక్క మాట లేదు. పిలిస్తే పలకవు, ఆకలంటే చెప్పవు. ఇంక వీడు ఇంతే, మాటలొచ్చే పిల్లాడు కాదు, వదిలెయ్ అన్నారు అందరూ. డాక్టరు కూడా అన్నాడు. నేను రోజూ నీ పక్కన కూర్చునేదాన్ని. నీ వీపు మీద చెయ్యేస్తే వెచ్చగా ఉండేది. వీడు లోపల ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు, అనుకునేదాన్ని. ఇరవై నిమిషాలు చూసి లేచిపోయానట్రా నేను?"

గదిలో నాలుగు వేల సొరుగులు తమ పని తాము చేసుకుంటున్నాయి. అబ్బాయి చెయ్యి పిడి మీద నుంచి జారింది.

నెమ్మదిగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ గోడకి రూలు రాసింది తనే గానీ, ఇన్నేళ్ళలో ఏనాడూ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ సొరుగు మొహం మీద అరచెయ్యి పెట్టాడు. నిద్రపోతున్న పసివాడి వీపులా వెచ్చగా ఉంది.

"ఉంది పెద్దమ్మా," అన్నాడు. "ఆవిడ ఉంది."

"అదే కదరా తొమ్మిదో రోజున చెప్పింది నీకు."

లేచాడు. గోడ పక్కన అంటించిన కాగితాన్ని గోటితో ఊడదీశాడు. జేబులోంచి ఇంకో కాగితం తీసి, గోడకే ఆనించి రాశాడు. "వెచ్చగా ఉన్నంతసేపు మూయకు. చల్లబడితే వెంటనే మూసేయి." కింద ఇంకొక్క వాక్యం రాశాడు, కొట్టేయబోయి మానేశాడు. అంటించాడు.

"మూడయింది," అన్నాడు గడియారం గారు, అలవాటుగా.

గోడ నిశ్శబ్దమైపోయింది. ఆరు వేల సొరుగులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కొత్త మాట చదువుకుంటున్నట్టు, అర్థం చేసుకుంటున్నట్టు ఒక్క నిమిషం. సొరుగులమ్మ మణికట్టు మీద పట్టు సడలింది.

అప్పుడు మొదలైంది. కింది వరసలో ఒకటి తెరుచుకుంది. దాని పక్కది. పై వరసలో రెండు. చివర్లో పది. ఈ రోజువి కావవి. ఇన్నేళ్ళలో మనిషి ఉండగానే వెచ్చగా మూసుకుపోయినవన్నీ తెరుచుకుంటున్నాయి. ఖాళీ అయిపోయాయనుకున్నారు, ఏదీ ఖాళీ కాలేదు. గోడ అన్నిటినీ లోపల దాచుకునే ఉంది. వందలు, వేలు, నిచ్చెన చివరి మెట్టు ఎత్తు దాకా, ఆరిపోని వెచ్చదనంతో ఒక్కొక్కటీ ముందుకొచ్చాయి. ఒకదాంట్లో తడి ఇసక, ఒకదాంట్లో ఎండిన పువ్వు, ఒకదాంట్లో చంటిపిల్లాడి సాక్సు. పాలవాసన, పెయింటు వాసన, మందుల వాసన అన్నీ కలిసి గదిని నింపేశాయి. కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టింది. ఏదో చెప్పాలని కూర్చుని, చెప్పేలోపు గడువు అయిపోయిన మనుషులందరూ ఆ గదిలో ఉన్నట్టే ఉంది.

సొరుగులమ్మ నొప్పి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని పీట మీంచి లేచి నిలబడింది. "అమ్మో, ఇంతమందా!" అంది. కళ్ళెంబడి నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. అబ్బాయి ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డాడు, చిన్నప్పుడు జనంలో పట్టుకున్నట్టు. గడియారం గారు టైము చూసుకోబోయి, ఎందుకో వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు.

"ఈ వారం దులుపుడు లేదు సార్," అన్నాడు అబ్బాయి.

"లేదులే," అన్నాడు ఆయన మెల్లగా. "ఇంక ఎలా లాగుతాం?"

నాలుగు వీధులవతల, దర్జీ ఆవిడ కంప్యూటర్లో మూలనున్న ఒకటి అంకె పోయింది. కానీ "సమయం ముగిసింది" రాలేదు. ఆ అంకె ఉన్న చోట అబ్బాయి కొట్టేయకుండా వదిలిన వాక్యం తేలింది.

"మీరు ఉన్నారని మాకు తెలుసు. నిదానంగా రాయండి."

రెండుసార్లు చదివింది. మూడోసారి పిల్ల కూడబలుక్కుంటూ పైకి చదివి వినిపించింది. దర్జీ ఆవిడ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టింది. తొమ్మిది సూదులు. తరవాత రాయడం మొదలుపెట్టింది. రాస్తుంటే పిల్ల బల్ల కింద గుండీలకి పెళ్ళిళ్ళు చేస్తూ వాగుతూనే ఉంది, ఆవిడ ఆ వాగుడు వింటూనే రాసింది.

"ఈ పిల్ల నా కొట్టుకి రావడానికి వారానికో గుండీ తెంపుకుంటుంది. నేను కుట్టి పంపిస్తాను. మళ్ళీ తెంపుకుంటుంది. ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు, నేనే కనుక్కున్నాను. గుండీ తెంపుకోకుండా రాగలిగే చోటు దానికి ఒకటి కావాలి. ఆ చోటు నా దగ్గర ఉంది..."

అక్కడి నుంచి ఇంకా ఉంది గానీ, ఒకరి సొరుగులోది అంతకన్నా చదవకూడదు. నూట నాలుగు మాటలయ్యాయి. నాలుగూ నలభైకి పంపింది.

గోడలో నాలుగో వరస సొరుగు ఒక్కసారి చిన్నగా మోగి, కాగితాలు పైకి వెళ్ళిపోయాక, నిమ్మళంగా చల్లబడి మూసుకుంది. సొరుగులమ్మ దాని మొహం మీద మైనం గుడ్డతో ఒకసారి తుడిచింది. చేతికి కట్టు కట్టించుకోవడానికి అబ్బాయి తీసుకెళ్తుంటే దారంతా ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడకపోయినా పరవాలేదని ఇద్దరికీ తెలుసు.

తరవాత చాలా జరిగాయి. తెరుచుకున్న పాత సొరుగుల మనుషులకి వాళ్ళ సగం పేజీలు తిరిగి కనిపించాయి. కొందరు పూర్తి చేశారు, కొందరు ఇంక అక్కర్లేదన్నారు, కొందరు ఊరికే చూసుకుని మూసుకున్నారు. కుక్క లైసెన్సాయన మాత్రం ఇప్పటికీ ఆ కుక్క తనది కాదనే అంటాడు.

బడులు తెరిచే నెల వచ్చింది. పదకొండింటి వేళ, గోడ అంతా ఊపిరి తీస్తున్నప్పుడు, సొరుగులమ్మ అయిదో వరస తుడుస్తుంటే మోకాలి పక్కనే ఒక సొరుగు తెరుచుకుంది. నీలం సుద్దముక్క కనిపించి ఆగిపోయింది. రేకు మీద "బడిలో చేరిక, మూడు పేజీలు." అందులో ఒక పేజీలో బిడ్డకు మీరేమవుతారు అని అడుగుతారని ఆవిడకి తెలుసు. ఎంతోమంది అక్కడ కాసేపు ఆగుతారు.

ఈ సొరుగు ఎక్కడా ఆగలేదు. మూడు పేజీలూ టకటకా పడ్డాయి. నాలుగు నిమిషాల్లో పని అయిపోయింది.

చల్లబడే లోపు సొరుగులమ్మ మచ్చ పడ్డ మణికట్టు చాపి, బయటి నుంచే, చెక్క మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చదనం రెండు చోట్ల ఉంది. పెద్దది ఒకటి, దాన్ని ఆనుకుని చిన్నది ఒకటి.

"ఏంటి పెద్దమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?" అన్నాడు అటు వచ్చిన అబ్బాయి.

"చూడు," అంది.

అతను వంగి చూశాడు. సుద్దముక్క ఉంది. దారప్పోగు ఉంది. గుండీ మాత్రం లేదు.